చెయ్యాగుడు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. నా కూతురు జోషితకు ఏదో ఒకరోజు పెద్ద దెబ్బ తగులుతుంది, అయినా పిల్ల నా దగ్గరికి రాదు.

ఇది ఊరికే ఊహించుకుని భయపడటం కాదు. మొన్న శ్రావణంలో అంగన్‌వాడీ మెట్ల మీద పడి పిల్ల గడ్డం చీరుకుపోయింది. నేను అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తున్నాను. మూడేళ్ళ పిల్ల తనంతట తనే లేచింది. నన్ను చూసింది. గౌను మీదికి రక్తం కారుతుంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అక్కడే నిలబడింది. ఏడవలేదు. నేనూ నిలబడిపోయాను. మా ఇద్దరి మధ్య నాలుగడుగులు కూడా లేవు. టీచరు పార్వతీశమ్మ పరిగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుని నా వైపు తిరిగింది.

"ఏటమ్మా హైమా, గుంట నీదేనా, పక్కింటోలదా?"

ఆ మాటకి నాకు కోపం రాలేదు. నేనూ అదే అనుకుంటున్నాను మరి. నా చెయ్యి లేవలేదు. లేపాలని తట్టలేదా, తట్టినా లేవలేదా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

మా అమ్మ తవిటమ్మ ముప్ఫై ఏళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టింది. జీడిగింజని మా వైపు పిక్క అంటాం; దాని పెంకులో ఉండే జీడి రసం చర్మానికి తగిలితే కాల్చేస్తుంది. అందుకే మా వైపు ఆడవాళ్ళ అరచేతులు నల్లగా, బిరుసుగా ఉంటాయి. మా ఇంట్లో పైకి చెప్పే నియమం ఒకటి ఉండేది: పిక్కలు కొట్టి వచ్చిన చేత్తో పిల్లల్ని ముట్టకూడదు. అమ్మ వీధిలో కనిపించగానే నేను పరిగెత్తేదాన్ని. "జీడి సెయ్యే, ఆగు!" అని అరిచేది. నేను ఆగేదాన్ని. ఆమె నూతి దగ్గర కూర్చుని ఆముదం, బూడిద, సబ్బు ఒకదాని తర్వాత ఒకటి రుద్దుకునేది.

కడిగాక ముట్టుకోవచ్చు. కానీ ముట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, ముట్టకూడదనీ చెప్పలేదు. కడిగిన చెయ్యి కూడా నా దాకా వచ్చేది కాదు, అంతే. జడ వేస్తే దువ్వెన తగిలేది, వేళ్ళు తగిలేవి కావు. అన్నం గిన్నె నేల మీద పెట్టి నా వైపు తోసేది. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ పడేది గానీ చెయ్యి పడేది కాదు. వాళ్ళమ్మ దగ్గర తనూ అలాగే పెరిగిందట. ఈ రెండో నియమం ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మాలో ఎవరికీ తెలీదు. పైగా అది నియమమని కూడా మాకు తెలీదు. అందరిళ్ళలో అంతే అనుకున్నాం.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ వేళ్ళు పుళ్ళు పడితే ఇంటి పని చెయ్యడానికి మనిషి కావలసి వచ్చింది. కానీ ఫ్యాక్టరీకి ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. అప్పటికే పిక్కలు కొట్టే మిషన్లు వచ్చేశాయి. నా చేతులకి జీడి తగల్లేదు. అయినా జోషిత పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు పిల్లను అందిస్తే, ముందు తువ్వాలు అడిగాను. అది చలికాలం కాదు.

*

నా భర్త ఢిల్లేశ్వరరావు హైవే పక్కనున్న పరిశోధన కేంద్రంలో జీపు నడుపుతాడు. జీడి పనివాళ్ళకి మంచి చేతి తొడుగులు తయారు చెయ్యడానికని ఆ కేంద్రం పెట్టారు. ఆడవాళ్ళ మణికట్లకి పట్టీలు కట్టి, చెయ్యి ఎలా కదులుతుందో తెర మీద గీతలుగా చూసేవారు. అలా చూస్తుండగా వాళ్ళు వెతకనిది ఒకటి కనబడింది. పిల్లల వైపు చెయ్యి చాపమంటే, ఆ ఆడవాళ్ళ గీత జానెడు దూరంలో ఠక్కున పడిపోయేది. తొడుగు వేసుకున్నా పడిపోయేది. ఎప్పుడూ పిక్క ముట్టని వాళ్ళ కూతుళ్ళకి కూడా పడిపోయేది. డాక్టర్లు దానికి మూరెడు పేరు ఏదో పెట్టారు. పనివాళ్ళు చెయ్యాగుడు అన్నారు. కొన్నాళ్ళకి డాక్టర్లూ అదే అనడం మొదలుపెట్టారు.

"ఒకపాలి రాయే," అన్నాడు మా ఆయన. "మేడమ్ గారు ఏటీ అనరు. సూది కూడా గుచ్చరు."

"నాకేటైనా జబ్బంతావా?"

"జబ్బని కాదు. బాగైతే నన్ను కూడా ముట్టుకుంతావని ఆశ," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా సగంలో ఆపేశాడు.

డాక్టర్ మృణాళిని గారు నా మణికట్టుకి పట్టీ కట్టి, ముందు ఒక గుడ్డబొమ్మను పెట్టారు. దాని తల నిమిరాను. తర్వాత బొమ్మ తీసేసి అదే కుర్చీలో జోషితను కూర్చోబెట్టారు.

"పాప తల నిమరండి."

నిమిరాను.

"నిమరండి," అన్నారు మళ్ళీ.

"నిమిరాను కదండీ."

ఆవిడ తెరను నా వైపు తిప్పారు. అందులో నా చెయ్యి పిల్ల జుట్టుకి జానెడు ఎత్తులో ఆగి, గాలిలోనే ఒకసారి వంగి వెనక్కి వచ్చేసింది. నాకు మాత్రం అరచేతిలో మెత్తటి జుట్టు తగిలినట్టే ఉంది. ఆ రోజు మొదలు, ఎప్పుడు నిజంగా ముట్టుకున్నానో ఎప్పుడు ముట్టుకున్నాననుకున్నానో నాకు తేడా తెలియకుండా పోయింది. పురిటి నుంచి లెక్కేసుకుంటే అసలు ఎన్నిసార్లు ముట్టుకుని ఉంటాను?

తర్వాత జోషిత చేతికి చిన్న పట్టీ కట్టి, నా చేతిలో బిస్కెట్టు పెట్టి, దాన్ని తీసుకోమని పిల్లకి చెప్పారు. అది చెయ్యి చాపింది. జానెడు దూరంలో ఆపేసింది. డాక్టరు గారు రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఒక్క గీతే కనిపించింది.

"నేనెప్పుడూ నేర్పలేదండీ," అన్నాను.

"నేర్పక్కర్లేదమ్మా. మీరు ఎత్తుకున్నప్పుడల్లా మీ కండరం ఒక్క క్షణం బిగుస్తుంది. పాప ఒంటికి అది తెలుస్తుంది. మీ అమ్మగారి దగ్గర మీకు తెలిసినట్టే."

ఆవిడ ఇంకా చాలా చెప్పారు. నాకెక్కింది ఇంతే: చెయ్యి ఆగబోయే ముందు పట్టీ వెచ్చగా ఒక కబురు పంపుతుంది, ఆ కబురుకి ఆగుడు కొంచెం కొంచెంగా కరుగుతుంది. పద్దెనిమిది సార్లు రావాలి. పిల్లకి చెయ్యరు, వయసు చాలదు. తల్లికి పోతే పిల్లకి దానంతట అదే పోతుంది.

"పోతుందా అండీ?"

"పోతుందనుకుంటున్నాం."

ఆ 'అనుకుంటున్నాం' నాకు వినబడింది. అయినా సంతకం పెట్టాను.

*

పన్నెండో సారికి నా చెయ్యి జోషిత తల మీద వాలింది. పద్దెనిమిదో సారికి నా చేతికి ఆగడమే తెలియకుండా పోయింది.

అట్లు వేస్తూ వేళ్ళతోనే తిప్పబోయాను, పెనం మీద మూడు వేళ్ళు కాలాయి. రేషను షాపు వరసలో ముందు నిలబడ్డ ఆవిడ చెవికమ్మ మెరుస్తుంటే పట్టుకుని చూశాను.

"ఏటమ్మా, కమ్మల మీద కన్నేసినావా?" అని ఆవిడ గయ్‌మంది. నేనే బిత్తరపోయాను. నా చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలీదు. డాక్టరు గారికి చెబితే పెన్ను కింద పెట్టి, "ఒక ఆగుడు వెనకాల ఇంకెన్ని ఉన్నాయో మాకూ ఇంకా తెలీదమ్మా. జాగ్రత్తగా ఉండండి," అన్నారు. జాగ్రత్త అంటే ఏమిటో అడగలేదు. అప్పటిదాకా నా తరఫున జాగ్రత్తగా ఉన్నది ఆ ఆగుడే కదా అని ఇప్పుడనిపిస్తోంది.

జోషితను మాత్రం రోజంతా ముట్టుకునేదాన్ని. బుగ్గలు, మెడ, అరికాళ్ళు. అది కట్టెలా బిగుసుకుపోయేది. "అమ్మా, సెయ్యి," అని నాకేదో గుర్తు చేస్తున్నట్టు చెప్పి పక్కకి జరిగేది. నేను మొదలుపెట్టింది దీనికోసమేనా? పిల్లకి మంచి చేస్తున్నానా, హింస పెడుతున్నానా?

ఒక ఆదివారం పిల్లను తీసుకుని గెడ్డవలస వెళ్ళాను, అమ్మను చూడటానికి. మిషను సరిగా పగలగొట్టలేక వదిలేసిన పిక్కల్ని ఇంకా ఇళ్ళకి ఇస్తారు. అమ్మ వరండాలో కూర్చుని అవే కొడుతోంది.

"ఏటే, సెయ్యి గిలకలా తిరగతంది?" అంది నన్ను చూసి.

"బాగు చేసినారమ్మా."

"అప్పుడు బాగునేదేటి?"

పక్కన కూర్చుని కొయ్య సుత్తి తీసుకుని నేనూ పిక్కలు కొట్టాను. పదో పన్నెండో. అమ్మ ఆముదం గిన్నె నా వైపు జరిపింది. చెయ్యి కడుక్కోమని చెప్పలేదు. మా ఇళ్ళలో ఎదిగిన ఆడమనిషికి ఆ మాట ఎవరూ చెప్పరు. చెప్తే అవమానించినట్టు. చేతికే తెలుస్తుంది కదా అనుకుంటారు.

నా చేతికి తెలియలేదు.

జోషిత కోడిపిల్ల వెంట పరిగెత్తి కాలవ గట్టు మీద జారిపడింది. నేను ఒక్క గంతులో వెళ్ళి ఎత్తుకున్నాను. ముఖానికి బురద అంటితే కంటి కింద నుంచి చెంప దాకా అరచేత్తో తుడిచాను. ఏమైందో మరి, పిల్ల ఆ రోజు బిగుసుకోలేదు. ఒళ్ళంతా వదిలేసి నా భుజం మీద ముఖం పెట్టింది. దాని ఊపిరి మెడకి తగులుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.

"జీడి సెయ్యే!" అని అమ్మ అరిచిన అరుపుకి కళ్ళు తెరిచాను.

నూనె రాశాం, సబ్బుతో కడిగాం. సాయంత్రానికి ఎర్రబడింది. తెల్లవారేసరికి చెంప నుంచి కనురెప్ప దాకా బొబ్బ లేచింది. అప్పుడు ఏడ్చింది జోషిత. ఇల్లంతా దద్దరిల్లేలా ఏడుస్తూ, మంచం దిగి, నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. మూడేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అది వచ్చిన పొద్దున, నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

కంటి డాక్టరు చూసి, కనుగుడ్డుకి ఏమీ కాలేదు, వెంట్రుకవాసిలో తప్పింది అన్నాడు. మచ్చ ఉంటుందట.

*

నా ఆగుడు నాకు తిరిగి పెట్టమని కేంద్రానికి వెళ్తే, మృణాళిని గారు పిల్ల ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి ఆ మచ్చను చూశారు. అమ్మ కూడా నాతో వచ్చింది. కేంద్రంలో అడుగుపెట్టడం ఆమెకి అదే మొదటిసారి. బల్ల మీద ఏమీ ముట్టకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తీసేసింది మళ్ళీ పుట్టదు," అన్నారు డాక్టరు గారు. "తప్పు నాదే. రక్తసంబంధీకుల ఆగుడిని చదివి మీ చేతికి ఎక్కించొచ్చు. కానీ చదివేకొద్దీ అది వాళ్ళలో అరిగిపోతుంది. చివరికి వాళ్ళకేం మిగలదు. అందుకే నేను అడగను."

"నాది ఉన్నాది కదమ్మా," అంది అమ్మ. "తీసీండి."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాను.

"నాకెందుకే అది? ఈ వయసులో నానెవుల్ని ముట్టాల?"

"నీ కళ్ళు నువ్వే నలుపుకుంతావు. పిక్కలు కొట్టిన సేత్తో."

"పిక్కలు మానేత్తాను."

"మానవు."

"మానను లే. అయితే ఏటి? కళ్ళు నలుపుకోకూడదని నాకు తెల్దేటి?"

"నాకూ తెలుసు కదమ్మా. తెలిసే కదా గుంటని తుడిసినాను."

అమ్మ డాక్టరు గారి వైపు తిరిగింది. "దీని మాట ఇనకండమ్మా. గుంటది రెండో కన్ను కూడా ఉన్నాది కదా, దాన్ని సూడండి."

సంతకం పెట్టాల్సింది ఇద్దరం. అమ్మ వేలిముద్ర వేసింది. నేను పేరు రాశాను. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు. అది నేను చేసిన పనే. ఎవరి మీదా పెట్టను.

మధ్యలో తెర కట్టి తొమ్మిది రోజులు చేశారు. అటు పక్క అమ్మ దగ్గు వినిపించేది. అయ్యాక, నలభై రోజులు మేమిద్దరం ఎదురుపడకూడదన్నారు. కొత్త ఆగుడు కుదురుకోకముందు పాత మనిషి కనిపిస్తే నిలవదట. అమ్మను జీపులో గెడ్డవలసకి పంపేశారు.

నాలుగో రోజున ఇంట్లో కూరగాయలు తరుగుతున్నాను. జోషిత కింద కూర్చుని చింతగింజలతో ఆడుతోంది. ఊరికే తలెత్తి నన్ను చూసింది. నా కుడి చెయ్యి లేచింది. నేను లేపలేదు. భుజం నుంచి మొత్తం చెయ్యి, పడిపోయేదాన్ని పట్టుకోబోతున్నంత బలంగా పిల్ల వైపు వెళ్ళి, జానెడు దూరంలో ఆగి, అక్కడ గడగడ వణికింది. కిందికి దించాక భుజం నొప్పెట్టింది. ఆ రోజు అలా పదిసార్లు.

ఇది పాడైపోయిందని భయపడి కేంద్రానికి పరిగెత్తాను. మృణాళిని గారు అమ్మ గీతనూ నా గీతనూ పెట్టి చూశారు.

"పాడవలేదు. మీ అమ్మగారిది ఇలాగే ఉంది. మీకు వారసత్వంగా వచ్చింది ఒట్టి ఆగడం. మీ చెయ్యి అసలు లేచేదే కాదు, పట్టీ కట్టి అడిగితే తప్ప. ఆవిడది అలా కాదు. ప్రతిసారీ చాపారు, ప్రతిసారీ ఆపుకున్నారు."

"ఎన్నిసార్లండీ?"

"అది గీతలో ఉండదమ్మా."

అమ్మ చెయ్యి నా వైపు లేవడం నేను ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు. నేను అటు తిరిగి అన్నం తింటున్నప్పుడా? నిద్రపోయాకా? లేక చూసి కూడా అది చెయ్యి తుడుచుకోవడం అనుకున్నానా? ఇప్పుడు జోషిత వైపు లేచేది అమ్మ చెయ్యి. ఆ పిల్లను చూసేది నా కళ్ళు. ఈ ఆరాటం ఆమెదా నాదా? నాదే అయితే ఇన్నాళ్ళూ ఎక్కడుంది? ఆమెదే అయితే, అది వెళ్తున్నది నా కూతురి దగ్గరికా, చిన్నప్పటి నా దగ్గరికా?

జోషిత మాత్రం వారం రోజులు ఆ చెయ్యి వైపు చూసింది. గాలిలో ఆగి వణికే చేతిని అది ఎప్పుడూ చూడలేదు కదా. ఒక మధ్యాహ్నం లేచి దగ్గరికొచ్చి, "ఏటమ్మా, సెయ్యి అక్కడ పెట్టీసినావు?" అంది. తర్వాత తన రెండు చేతులూ వెనకే ఉంచుకుని, తలతో ముందుకొచ్చి, నా అరచేతి కింద దూరి నిలబడింది. ఆ జానెడు అదే నడిచింది. నిన్న స్టూలు మీద నుంచి పడి, మోకాలు పట్టుకుని ఏడుస్తూ నేరుగా వచ్చి నా చెయ్యి కిందే కూర్చుంది. వచ్చింది. ఇంతకంటే నాకేం అక్కర్లేదు.

కానీ అమ్మ సంగతి ఉంది.

ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు. రోజూ ఫోను చేస్తాను. "బాగున్నానే," అంటుంది. పుళ్ళతో మంచాన పడ్డప్పుడు కూడా ఆ మాటే అనేది. మొన్న మాత్రం, "కళ్ళు రవ్వంత మండతన్నాయి, ఎండకేమో," అంది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట నొప్పి అన్న మాట నేను వినలేదు. మళ్ళీ అడిగితే, "ఏటీ లేదే, పెట్టీ," అని ఫోను పెట్టేసింది. నిన్న రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. ఫోను ఎక్కడుందో కనబడలేదంది.

మా ఆయన్ని పంపించాను. ఆయన వరండాలో నిలబడి, "అత్తా, ఎలగున్నావు?" అని పిలిచాడు. తలుపు చాటు నుంచి, "బాగున్నాను బాబూ, ఎల్లు," అని మాట వచ్చింది. మా ఇళ్ళలో అత్తగారు చాటునున్న గదిలోకి అల్లుడు వెళ్ళడు. తిరిగొచ్చేశాడు. తిట్టాను, ఆయన మాత్రం ఏం చేస్తాడు? పక్కింటి ఆడవాళ్ళని అడిగితే వాళ్ళూ గుమ్మం బయట నుంచే పలకరించి, బాగుందంట అని చెప్పారు. వాళ్ళూ మాలాంటి వాళ్ళే. కేంద్రం నుంచి మనిషి వెళ్ళేది నలభయ్యో రోజునట, కాగితంలో అలా రాసుందట. నేను వెళ్తే చేతిలో ఉన్నది పోతుంది. పోతే, నా చెయ్యి జోషిత రెండో కంటి మీదికి వెళ్ళే రోజు వస్తుంది. అందుకు వెళ్ళడం లేదు. ఇది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు.

ఇది చదివిన మీరు మా ఇంటివాళ్ళు కారు. మా ఆగుళ్ళు మీకు లేవు. ఈ వారంలో పలాస వైపు ఎవరైనా వస్తే, కాశీబుగ్గలో గెడ్డవలస ఆటో ఎక్కండి. తవిటమ్మ ఇల్లంటే చూపిస్తారు, వరండాలో పిక్కల బస్తా ఉంటుంది. పిలిచి ఊరుకోకండి, తలుపు తోసి లోపలికి వెళ్ళండి. బాగున్నానంటుంది, నమ్మకండి. వెలుతురులోకి తీసుకొచ్చి కళ్ళు చూడండి. కనురెప్పలు తడిమి చూడండి. ఆమె మీ చెయ్యి పట్టుకుంటే పట్టుకోనివ్వండి, తొందరపడి లాక్కోకండి. తర్వాత ఆముదం రాసుకుని సబ్బుతో కడుక్కోండి. ఎలా ఉందో నాకు చెప్పండి.